చింతగింజకు రెండో ముఖం

నా చిన్నప్పుడు మా ఇంటి పిల్లలకు అక్షరాల కంటే ముందు వంశం నేర్పేవారు. మా ముత్తాత పన్నెండు ఊళ్ళకు దేశ్‌ముఖు. ఆయన కొడుకు, అంటే మా తాతయ్య, ఊరి శిస్తు వసూలు చేసే మాలిపటేలు. సిద్దిపేట కచేరిలో ఆయన అడుగుపెడితే కూర్చున్నవాళ్ళు లేచేవారట. మా నాయిన కాలానికి లేచేవాళ్ళు తగ్గారు గానీ మా నడుములు వంగలేదు. ఈ వయసులోనూ నేను గోడకు ఆనుకొని కూర్చోను.

నడవలో ముత్తాత రంగుల పటం ఒకటి ఉండేది. తలపాగా, చేతికర్ర, పిల్లికళ్ళు. ఆ కళ్ళు తాతయ్యకు రాలేదు, నాయినకు రాలేదు. మా అవ్వ, అంటే అమ్మ, నాయినకు సొంత మేనత్త కూతురే అయినా ఆమెకూ రాలేదు. నాకు వచ్చాయి. ఇంటికి ఎవరొచ్చినా తాతయ్య నన్ను ఆ పటం కింద నిలబెట్టి, పోయిన మనిషి మళ్ళీ పుట్టాడని చూపించేవారు. నేను గడ్డం పైకెత్తి నిలబడేవాణ్ణి.

మా ఇంటికి ఇంకో గొప్ప, తెల్ల గొర్రెల మంద. మా దిక్కు గొర్రెలు కాసే కురుమల మందలన్నీ నల్లవి, గొంగళ్ళకు ఆ ఉన్నే కావాలి. మాది మాత్రం మచ్చలేని తెలుపు. ఆ తెలుపు చెడకూడదని తాతయ్య బయటి పొట్టేలును మా దొడ్డి దరిదాపులకు రానిచ్చేవారు కాదు. మందలో పుట్టిన పొట్టేలే మందకు.

ఆ మందను కాసింది ఒక కురుమ పెద్దాయన. అంతకుముందు ఆయన తండ్రి, ఆ ముందు తాత. ఇప్పుడు కాపరి తాత అని రాస్తున్నాను గానీ అప్పుడు ఒక్కనాడూ అలా పిలవలేదు. తొమ్మిదేళ్ళ నేను డెబ్బై ఏళ్ళ మనిషిని "ఏమిరా" అనేవాణ్ణి. ఆయన నన్ను "చిన్న పటేలా" అనేవారు.

ఒక చలికాలం పొద్దున నేను దొడ్డికి వెళ్ళేసరికి ఒక తెల్ల గొర్రె పొదుగు కింద బొగ్గులాంటి నల్లపిల్ల పాలు తాగుతూ ఉంది. అప్పుడే పుట్టినట్టు దాని ఒళ్ళు ఇంకా తడిగానే ఉంది. నేను ఇంటికి పరిగెత్తి, కాపరి పిల్లను మార్చాడని తాతయ్యకు చెప్పాను. అది నా అనుమానం మాత్రమే. నువ్వు చూశావా అని తాతయ్య అడిగారు. చూశాను అన్నాను. ఇందాక చీకటితోనే గొంగడి కింద ఏదో దాచుకొని దొడ్డిలోకి వెళ్ళాడని కూడా అన్నాను. నేనేమీ చూడలేదు. తాతయ్య ముందుకు వంగి నా మాట వినడం అదే మొదటిసారి, నాకు ఆపబుద్ధి కాలేదు.

మధ్యాహ్నానికి నడవలో పటం ముందు పంచాయితీ పెట్టారు. కాపరి తాత కింద కూర్చున్నారు. కురుమల పెద్దలు నలుగురు వచ్చారు. ఆడవాళ్ళు తలుపు వెనక.

"తెల్లదానికీ తెల్లదానికీ నల్లది ఎట్ల పుట్టిందిరా? నీ నల్లపిల్లను నా దొడ్ల ఇడిసి, నా తెల్లపిల్లను ఎటు పంపినవ్?" అని తాతయ్య అడిగారు.

మా జీతగాడొకడు, "బొగ్గుల పొర్లిందేమో పటేలా, కడిగి సూత్తే అయిపాయె" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కురుమ పెద్ద ఒకాయన మాత్రం నవ్వలేదు. "తల్లి పాలియ్యవట్టె గద పటేలా. పరాయి పిల్లయితే తన్నకపోవునా?" అన్నాడు.

"మా పిలగాడు కండ్లార సూసిండు. ఇగ నీ గొర్రె సాక్ష్యం నాకెందుకు?" అన్నారు తాతయ్య.

అప్పుడు కాపరి తాత తల ఎత్తి నా వైపు చూశారు. నా కళ్ళలోకి చాలాసేపు చూశారు, తర్వాత పటం వైపు. ఏదో చెప్పబోయినట్టు ఆయన నోరు తెరుచుకుంది. ఇంతలో ఆయన చూపు తలుపు మీద పడింది. నోరు మూసుకున్నారు.

"మీ మంద మీకు అప్పజెప్త పటేలా" అన్నారు, అంతే.

మర్నాడు మందను కొత్త కాపరికి అప్పగించేటప్పుడు దగ్గరుండి చూడమని నన్ను పంపారు. కొత్తవాడు ఇంకా రాలేదు. కాపరి తాత బండ మీద కూర్చొని, మొలకు కట్టుకున్న చిన్న సంచిలోంచి రెండు చింతగింజలు తీశారు. పచ్చీసు ఆడటానికి ఒకవైపు బండకు రుద్ది తెల్లగా చేసిన గింజలు అవి. రెండో వైపు నల్లగానే ఉంటుంది.

"గిది పొట్టేలనుకో, గిది గొర్రె. ఒక్కోదానికి రెండు ముఖాలు. పైకి తెల్లగున్నా లోపట నల్లది దాసుకుంటయి. పిల్లకు రెండింటికెళ్ళి ఒక్కో ముఖం వస్తది. రెండిట్ల ఏ ఒక్కటి తెల్లగ పడ్డా పిల్ల తెల్లదే. ఇగ ఎయ్యి, చిన్న పటేలా."

వేశాను. రెండూ తెలుపు. మళ్ళీ వేశాను. ఒకటి తెలుపు, ఒకటి నలుపు, అంటే పిల్ల తెల్లదే. మళ్ళీ తెలుపు. ఆట బాగుందనిపించి వేస్తూ పోయాను. ఐదోసారో ఆరోసారో రెండు గింజలూ నల్లగా పడ్డాయి.

"ఎవలన్న మార్చిన్రా?" అని అడిగారు.

నేను గింజలను తిప్పి చూశాను. మా ముత్తాత మొదట తెచ్చిన మందలో ఒకే ఒక్క నల్ల గొర్రె ఉండేదని, దాన్ని తన తాత కాశాడని ఆయన చెప్పారు. "గా నలుపు యాడికి వోతది? దాక్కుంటది. బయటి పొట్టేలును రానియ్యకపోతిరి. దాక్కున్నది పోయి దాక్కున్నదాన్నే కలుస్తది."

అప్పుడు అడిగారు, నా కళ్ళు ఎవరివని. ముత్తాతవి అన్నాను. మీ నాయినకు ఉన్నాయా అన్నారు. లేవు అన్నాను. మీ అవ్వకు? లేవు.

"మరి నిన్నెవలు మార్చిన్రు?"

నా ముఖం కాలింది. ఆయన గొంతులో కోపం లేదు, అందుకే ఇంకా కాలింది.

"గీ మాట నిన్న నలుగుట్ల అననైతి. మీ అవ్వ తలుపు సాటుకు నిలవడ్డది. మీ ముత్తాత రక్తం మీ నాయినకూ ఉన్నది, మీ అవ్వకూ ఉన్నది, గందుకే నీకొచ్చినయని నాకెర్క. గా నలుగురికి ఎర్కుండాలె గద, లేకుంటె మీ అవ్వను అనుమానిస్తరు."

ఒక్క మాటతో ఆయన తన మందను నిలబెట్టుకోగలిగేవారు. మా అవ్వ కోసం ఆ మాటను మింగి, నా ఒక్కడికే చెప్పారు. నేను ఇంటికి వెళ్ళి నిజం చెబుతాననే ఆశ ఆయనకు ఉండి ఉంటుంది.

ఇంటికి వెళ్ళాను. తాతయ్య భోజనం చేస్తున్నారు. "మంద సరిగ అప్పజెప్పిండా?" అని అడిగారు. "అప్పజెప్పిండు" అన్నాను. ఇంకేమీ అనలేదు. గొర్రె గురించి చెప్పాలంటే నా అబద్ధం గురించి చెప్పాలి. అది నా వల్ల కాలేదు.

దొంగ అని పేరుపడ్డ కాపరికి ఆ దిక్కున ఎవరూ మంద ఇవ్వలేదు. తనకున్న పది గొర్రెలతో ఎర్రవల్లి వైపు వెళ్ళిపోయారని విన్నాం. నేను మళ్ళీ ఆయన్ను చూడలేదు. మరుసటి ఏడు కొత్త కాపరి చేతిలో మరో తెల్ల గొర్రె నల్లపిల్లను ఈనింది. తాతయ్య దొడ్డికి వచ్చి చూశారు. ఆ పిల్లను గంపలో కప్పి ఆ పూటే ఊరు దాటించారు. నా వైపు చూడలేదు, నేనూ ఆయన వైపు చూడలేదు. కాపరిని పిలిపించాలని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. మా ఇంట్లో తప్పు ఒప్పుకొనే అలవాటు లేదు. దాన్ని పరువు అనుకొని పెరిగాను.

ఇప్పుడు సిద్దిపేటలో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. మొన్న పదో తరగతి చదివే మా మనవరాలు నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసి, వాటిలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు రాస్తూ కూర్చుంది. రెండు చిన్నవి కలిస్తేనే దాగిన గుణం బయటపడుతుందని నాకు చెప్పబోయింది. నేను రెండు చింతగింజలు తెప్పించి, ఒకవైపు అరగదీసి, వేసి చూపించాను.

"మా సార్ కంటే మంచిగ చెప్తున్నవ్ తాతా! నీకెవరు నేర్పిన్రు?" అంది.

అరవై ఏళ్ళలో మొదటిసారి చెప్పాను. కాపరి తాత అనే చెప్పాను. అంతా విని, "మరి మీ తాతకు నువ్వెందుకు చెప్పలే?" అని అడిగింది. గింజలు ఏరి ఆమె చేతిలో పెట్టాను. ఇప్పటికీ నా కళ్ళు ఎవరి పోలికని ఎవరైనా అడిగితే, గడ్డం పైకెత్తడం మానేసి నేల చూస్తాను. అందరికీ ముత్తాత పోలిక గుర్తొస్తుంది. నాకు ఆ కళ్ళలోకి చూసి నోరు మూసుకున్న మనిషి గుర్తొస్తారు.

తాతయ్య పోయిన ఏడాదికి మందను సిద్దిపేట అంగడిలో అమ్మేశాం. అమ్మిన నాటికి అందులో పదకొండు నల్లవి ఉన్నాయి.