అవ్వ చేతికి బీడీ దారం

మా గల్లీ ఆడవాళ్ళకు ఏం తెలుసని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మధ్యనే పెరిగి, అవ్వ చేసిన బీడీలతోనే ఫార్మసీ చదివి, బోధన్‌లో చెరుకు బండ్లు పోయే రోడ్డు మీద మెడికల్ షాపు పెట్టాను. అవ్వంటే నన్ను కన్నతల్లి. షాపు తెరిచిన రోజు బీడీల తునికాకు కత్తిరించే కత్తెరతోనే రిబ్బను కోసింది.

తొంభైల చివర్లో అవ్వకు మతిమరుపు మొదలైంది. ముందు పొయ్యి మీద పాలు మరిచింది, తర్వాత ఇంటి దారి మరిచింది. నిజామాబాద్ డాక్టరు అల్జీమర్స్ అన్నాడు, నయం చేసే మందు లేదన్నాడు. అల్మారాల నిండా మందులున్నదాన్ని, కన్నతల్లికి ఇవ్వడానికి ఒక్కటీ లేదు.

అప్పుడే పేపర్లో ఒక వార్త వచ్చింది. కీళ్ళ వాపులకు ఏళ్ళ తరబడి గోలీలు వాడినవాళ్ళలో ఈ జబ్బు తక్కువ కనిపిస్తోందట, ఆ పాత గోలీలే దీనికీ పనికొస్తాయేమోనని పరీక్షిస్తున్నారట. మా గల్లీలో మధ్యాహ్నం అందరూ ఒకే అరుగు మీద బీడీలు చేస్తుంటే ఒకరు పేపరు చదివి వినిపిస్తారు. పొద్దస్తమానం మఠం వేసుకుని కూర్చునే పని కదా, మోకాళ్ళ గోలి లేని ఇల్లు అక్కడ లేదు.

నేను ఆశగా డాక్టరును అడిగాను. "ఇంకా ఏదీ తేలలేదమ్మా. పైగా మీ అమ్మకు కడుపులో పుండుంది, ఈ గోలీలు అసలు పడవు" అన్నాడు. నేను ఊరుకున్నాను. గల్లీ ఊరుకోలేదు. అవ్వ ఏ గడప తొక్కినా ప్రేమకొద్దీ ఒక గోలి చేతిలో పెట్టారు. ఒకింట్లో మింగింది ఇంకో ఇంటికి పోయేసరికి మరిచిపోయేది. ఒకరిచ్చింది ఇంకొకరికి తెలియదు. కొన్నాళ్ళకే నెత్తురు కక్కుకుంది.

అవ్వ ఆసుపత్రి నుంచి బతికి వచ్చింది. నేను గల్లీలో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. పక్కింటి పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని, ఒళ్ళో ఉన్న బీడీల చాటలోంచి బీడీలు కట్టే దారం తెంపింది.

"బిడ్డా, ఇగ సూడు. పొద్దుగాల నువ్వు కడుపుల పుండు మందు ఏసినంక దీని చేతికి గీ దారం కట్టు. దారం ఉన్న చేతిల ఎవ్వలం ఏం పెట్టం."

పెట్టలేదు. అవ్వ ఉన్నన్నాళ్ళూ గల్లీ ఆ మాట తప్పలేదు. ఆ గోలీలతో అనుకున్న ఫలితం రాలేదని కొన్నేళ్ళకు అదే అరుగు మీద పేపర్లో చదివారు. మా దారం మాత్రం పనిచేసింది. గొప్పలు పోతున్నానంటారా, అనుకోండి.

చివరికి అవ్వకు నేనెవరో తెలియకుండా పోయింది. ఒకనాడు ఒళ్ళు కాలుతుంటే ఆమె పక్కన కూర్చుని జ్వరం గోలి మింగాను. అవ్వ చూసింది. పక్కనున్న తన పాత బీడీల చాట తడిమి దారం తెంపి, నా మణికట్టుకు బీడీకి కట్టినట్టే బిగించి కట్టింది.

"ఎవలి బిడ్డవో గని, నీకు మందు ఏసుడైంది. ఇగ ఎవలిచ్చినా తీసుకోకు" అన్నది.