వదలని వేలు

ఎనభైల మొదట్లో పోర్టులో క్రేన్ నడిపేవాణ్ణి. కుడిచేతి ఉంగరం వేలు ముడిస్తే ఒక్కోసారి అలాగే బిగిసిపోయేది. చెబితే క్రేన్ మీంచి దింపేస్తారని ఫోర్‌మన్ దగ్గర దాచాను.

ఒకరోజు గోపాలపట్నం బస్సులో నేను దిగాల్సిన స్టాపు వచ్చింది. పైకడ్డీ చుట్టూ ముడిచిన వేలు విడిరాలేదు. కండక్టరు కసురుతున్నాడు. నేను ఎడమచేత్తో ఆ వేలు పట్టుకుని లాగుతున్నాను.

"లాగకు బాబూ," అంటూ పక్కన ఖాళీ చేపల తట్టతో నిలబడ్డ ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. వేలి మొదలు నిమిరి, మెల్లగా తెరిచింది. టక్‌మని వచ్చేసింది. ఆమె అరచేతిలో, సరిగ్గా అదే వేలి కింద, చిన్న కోత మచ్చ ఉంది.

"నాకూ ఇదే. లోపల నరం బాగానే ఉన్నాది, అది జారే దారే ఇరుకైపోనాది. పెద్దాసుపత్రిలో కూసింత కోసి వదులు సేసినారు. నెల్లాళ్లకి మళ్లీ సేపలు కోసినాను. నువ్వేటి పని సేత్తావు?"

"పోర్టులో క్రేన్ నడుపుతాను."

ఆమె నా వేలికేసి చూసింది.

"నువ్వు బరువు దించీటప్పుడు కింద మనుసులుంటారా?"

కండక్టరు మళ్లీ కసిరితే దిగిపోయాను. మర్నాడు క్రేన్ ఎక్కకముందే, ఫోర్‌మన్ ఎదట నిలబడి వేలు ముడిచి చూపించాను.