ఆ ఎనిమిది డిగ్రీలు ఎవరివి?

గోవిందరాజ్‌కు కంప్యూటరు పని నేర్పిన గురువంటూ ఎవరూ లేరు. కోవిల్‌పట్టిలో ఫ్యాన్లకు కాయిల్ చుట్టుకుంటూ, పాతసామాన్ల అంగట్లో చచ్చిన మిషన్లు కొని, విప్పి, బిగించి నేర్చుకున్నాడు. ఆయన పనికి వంక పెట్టినవాళ్లు తక్కువ. అందుకే ఆ ఫోను రాగానే చేతిలోని స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

విరుదునగర్ నుంచి సుధాలక్ష్మి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది. పోయిన నెల ఆమె గ్రాఫిక్స్ కార్డు విప్పి, చిప్పు మీద వేడిని లాగే పేస్టు మార్చింది గోవిందరాజే.

"అన్నా, నా కార్డు వేడి ఎనబై ఎనిమిది డిగ్రీలు చూపిస్తాది. ఇదే కార్డు ఉండేవాళ్ల గ్రూపులో అందరికీ అరవై ఆరు, అరవై ఏడే. పేస్టు పూసినోడికి పని తెలీదంటారు. మదురైలో రిపేరుకు ఇచ్చేద్దామంటాడు మా ఇంటాయన."

"ఇచ్చేది ఇస్తురు గాని, ఆ అరవై ఆరోళ్లు ఏసీ రూములో ఉండారేమో అడుగమ్మా. మీ రూములో ఎంత ఉండాదో అదీ చూడు."

పదిమందిని అడిగితే బదులిచ్చింది హోసూరు ఆయన ఒక్కడే. కార్డు అరవై ఆరు, గది ఇరవై నాలుగు. సుధాలక్ష్మి గది ముప్పై ఎనిమిది. గది వేడి తీసేస్తే ఆయన కార్డుది నలభై రెండు, ఈమెది యాభై.

ఇరవై రెండు డిగ్రీల నింద ఎనిమిదికి దిగింది. ఇంకొకడైతే అంతటితో ఊరుకునేవాడే. ఈ ఎనిమిదీ తన చేతివేనేమో అన్నది తేలకుండా గోవిందరాజ్‌కు అన్నం సయించలేదు. మరునాడు పొద్దున్నే బస్సెక్కాడు.

ఆ ఇంటి ముందుగదిలో నాలుగు మరమగ్గాలు ఆడుతున్నాయి. దూది నూగు గాలిలో తేలుతోంది. లోపలి గదిలో కంప్యూటరు డబ్బా ముందువైపు, ఫ్యాన్లు గాలి పీల్చే చోట, పాత పంచె ముక్క రెండు మడతలు వేసి నాడాతో బిగించి ఉంది.

"ఇది ఎవురు కట్టింది?"

"నేనే," అంది సుధాలక్ష్మి అత్త ముత్తమ్మాళ్. "ఈ దూది పంజు లోపల పోతాదప్పా. ఊరగాయ జాడీకి కట్టమా? అట్ల."

"జాడీకి ఊపిరి అక్కరలేదత్తా. దీనికి కావాల. పంజు పోతే పోనీ, నెలకొకసారి నేనొచ్చి ఊది పోతాను."

"పెద్ద డాక్టరు వచ్చినాడు," అని గొణుగుతూ ఆమె నాడా విప్పింది.

గది అదే ముప్పై ఎనిమిది. నిన్న ఎనభై ఎనిమిది చూపించిన వీడియోనే మళ్లీ పది నిమిషాలు నడిపారు. ఎనభై రెండు. ఆరు పోయాయి.

"చాలన్నా, నీ తప్పు లేదు. గ్రూపులో పెట్టేస్తాను," అంది సుధాలక్ష్మి.

"ఉండమ్మా. ఇంకా రెండు ఉండాది."

మిషను ఆపి, చల్లారనిచ్చి, కార్డు విప్పాడు. చిప్పు మీద ఒక మూల, గోరంత మేర, పేస్టు అంటనే లేదు. సుధాలక్ష్మిని పిలిచి చూపించాడు.

"ఇది నాది."

పాతది తుడిచి, నాలుగు మూలలకూ అందేలా మళ్లీ పూసి బిగించాడు. ఈసారి అంకె ఎనభై దగ్గర నిలిచింది.

"గ్రూపులో ఏమని రాసేదన్నా?"

"గుడ్డది ఆరు, గోవిందరాజ్‌ది రెండు, మిగతాది విరుదునగర్ ఎండ అని రాయి."