మూడు పాముల బొమ్మ

నా చిన్నప్పుడు గౌలిపురాలోని మా ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టే మనిషిని నేనొక్కదాన్నే. నాలుగో తరగతిలో ఉండేదాన్ని. ఐదుకు పోవడానికి నేను సిద్ధమే, ఐదో తరగతే నన్ను రానివ్వలేదు. ఆ ముచ్చట ఇప్పుడెందుకు! ఇంట్లో మిగతా అందరూ బర్రెల పనివాళ్లు. మందు సీసా అయినా, సబ్బు మీది రాత అయినా తిన్నగా నా ముందుకే వచ్చేది. రాని దాన్ని రాదని నేను ఎన్నడూ అనలేదు. వచ్చింది చదివేదాన్ని, రానిది కల్పించేదాన్ని. నిజం చెప్పాలంటే కల్పించినవే వినసొంపుగా ఉండేవి.

మా మేనమామ మాతోనే ఉండేవాడు. పొద్దున పాలు పిండి, ఆ తర్వాత లారీ మీద క్లీనరుగా తిరిగి, మెల్లగా బండి నడపడం నేర్చుకున్నాడు. ఒక ఎండాకాలం యాకుత్‌పురాలో కాన్పులు చేసే డాక్టరమ్మ ఆయనను డ్రైవరుగా పిలిచింది. వారం రోజులు నడిపి చూపించు, నచ్చితే ఉంచుకుంటాను అంది. నెల జీతం వచ్చే కొలువు మా ఇంట్లో అంతవరకు ఎవరికీ లేదు. ఆ వారం మా అమ్మ దేవుడి ముందు రోజూ రెండు దీపాలు పెట్టింది. ఒకటి తమ్ముడికి, ఒకటి కారుకు.

ఆ కారు ఏ దేశంలోనో తిరిగి తిరిగి, అలసిపోయి డాక్టరమ్మ చేతికి వచ్చిన పాత బండి. లారీలో లేనన్ని బటన్లు, మీటలు స్టీరింగు పక్కన వరసగా ఉండేవి. ఒక్కోదాని మీద ఒక్కో చిన్న బొమ్మ. మదమెక్కిన బర్రెకు కూడా జంకని మా మామ ఆ బొమ్మలకు జంకాడు. పొరపాటున ఏదన్నా నొక్కితే, అది కాస్తా చెడిపోతే, కొలువు గోవిందా! అందుకే మొదటి రోజే నన్ను తీసుకుపోయి పక్క సీట్లో కూర్చోబెట్టాడు. "జర సదివి చెప్పు బిడ్డా, గివన్నీ ఏందో" అన్నాడు.

చదవడానికి అక్కడ అక్షరాలు ఉంటే కదా! అయినా నేను తగ్గలేదు. ఒక బటన్ మీద అడ్డంగా పడుకోబెట్టిన పొదుగు, దాంట్లోంచి నాలుగు పాలధారలు. అది నొక్కితే పాలు తొణకకుండా బండి మెత్తగా పోతుందని చెప్పాను. ఇంకో మీట మీద వంకరటింకరగా పైకి లేస్తున్న మూడు గీతలు. బండి కింద పాములు దూరితే అది చెబుతుందన్నాను. ఇక ముల్లు తిరిగే ఒక గుండ్రటి బిళ్ల మీద మాత్రం నిజంగానే రెండు అక్షరాలున్నాయి. ఈ చివర సి, ఆ చివర హెచ్. సి అంటే చార్మినార్, హెచ్ అంటే హైదరాబాద్, ముల్లు ఎటుంటే మనం అటున్నట్టు అన్నాను. మామ వంగి చూశాడు. ముల్లు సి దగ్గరే ఉంది. "నిజమే బిడ్డా, మనం చార్మినార్ దిక్కే ఉన్నం" అని నా తల నిమిరాడు. ఆ రోజు నుంచి నన్ను పక్కన పెట్టుకోకుండా బండి తీయలేదు.

ఆరో రోజు మిట్టమధ్యాహ్నం బార్కస్ నుంచి కబురొచ్చింది. తొలి కాన్పు, తెల్లవారుజాము నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. డాక్టరమ్మ సంచి పట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. సగం దారి పోయేసరికి ముల్లు నడిమి గీత దాటి హెచ్ వైపు పరుగెత్తుతోంది. నేను సంబరంగా "మామా, హైదరాబాద్ వచ్చేస్తున్నది!" అన్నాను.

మామ నవ్వలేదు. ముక్కుతో గాలి పీల్చాడు. బండిని పక్కకు తీసి, ఇంజను ఆపకుండానే దిగి, ముందు రేకు మీద చేతి వెనకభాగం ఆనించాడు. జ్వరమొచ్చిన బర్రె చెవిని ఆయన అట్లాగే తాకి చూసేవాడు.

"ఆపావేంటయ్యా? అక్కడ ఆ పిల్ల ప్రాణం మీదికి వచ్చింది!" అంది డాక్టరమ్మ.

"బండికి జరమొచ్చిందమ్మా. గిట్లనే కొడితే నడిమిట్ల పండుకుంటది. బంద్ చేసి సల్లారనిస్తే గంట పడ్తది."

గంట ఆగే వీలు లేదు. అప్పుడు మామకు లారీ ఉస్తాద్ చెప్పిన ఉపాయం గుర్తొచ్చింది. లోపల కూర్చున్నవాళ్లకు చలికాలంలో వేడి గాలి కొట్టే మీట ఒకటి ఇట్లాంటి కార్లలో ఉంటుంది. అది తెరిస్తే ఇంజను వేడి లోపలికి వచ్చేస్తుంది, దానికి ప్రాణం తెరిపిన పడుతుంది. మళ్లీ సీట్లోకెక్కి, నా దిక్కు తిరిగి, "బిడ్డా, వేడి గాలిది ఏదో చూపియ్యి" అన్నాడు.

ఏదో ఒకటి చూపిస్తే మామ నమ్మేస్తాడు. నమ్ముతాడనే నాకు భయమేసింది.

"నాకు తెల్వదు మామా. ఒక్కటి సుత తెల్వదు. అన్నీ ఉత్తగనే చెప్పిన."

చెంప పగులుతుందనుకున్నాను. మామ నన్నొకసారి చూసి, వెనక్కి తిరిగాడు. "అమ్మా, నాకూ తెల్వదు. నాకు సదువు రాదు. ఖరాబైతయేమోనని ఆరు దినాలు ఒక్కటి ముట్టలే. ఇప్పుడు అన్నీ ముట్టి చూస్త. మీరు ఒప్పుకుంటేనే."

కొలువు పోయిందనుకున్నాను, అదీ నా నోటి పుణ్యాన. డాక్టరమ్మ మా ఇద్దరి మధ్యలోంచి ముందుకు వంగి ఆ బొమ్మలను తేరిపార చూసింది. అంత చదువు చదివిన మనిషి నెమ్మదిగా, "నాకూ తెలియదయ్యా. చూడు, త్వరగా" అంది.

మామ నా అరచేతిని గాలి వచ్చే కంతకు ఆనించి పెట్టమన్నాడు. పొదుగు బటన్ నొక్కాడు. మిట్టమధ్యాహ్నం దీపాలు వెలిగాయి. పక్కనుంచి పోతున్న రిక్షావాలా "క్యా భాయ్, దిన్‌మే బత్తీ?" అని నవ్వుకుంటూ పోయాడు. ఇంకోటి తిప్పితే ఎండిన ముందు అద్దాన్ని వైపర్లు గీరాయి. మూడు పాముల మీటను పక్కకు జరిపాడు. నా చేతికి మొదట ఏమీ తగలలేదు. తర్వాత గోరువెచ్చగా, ఆ తర్వాత బర్రె ఊపిరిలాగా ఉడుకుగా గాలి తన్నుకొచ్చింది.

"ఉడుకు మామా! ఉడుకు!" అని అరిచాను.

అద్దాలన్నీ దించి, ఆ మండుటెండలో వేడి గాలి కొట్టించుకుంటూ బయలుదేరాం. ముగ్గురం చెమటలో తడిసిపోయాం. హెచ్ అంటే హైదరాబాద్ కాదు, ఇంజను వేడి అని అప్పటికి నాకు తెలిసొచ్చింది, ముల్లు మీద నుంచి కళ్లు తీయలేదు. అది వణికింది, ఆగింది, వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా వెనక్కి జరిగింది. వేడితోనే వేడిని దించుతున్న మా మామ నాకప్పుడు మామూలు మనిషిలా కనిపించలేదు.

బార్కస్‌లో ఆ ఇంటి గోడ నీడన బండి చల్లబడి, మామ దానికి నీళ్లు పోస్తుండగా లోపలి నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. చాలాసేపటికి డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, ఇక రోజూ పొద్దున ఎనిమిదింటికి రమ్మంది. వారానికి ఇంకా ఒకరోజు బాకీ ఉందని మామ గుర్తుచేశాడు. "రమ్మన్నాను కదా" అంది.

ఇంటికొచ్చాక మామ నన్ను కోప్పడలేదు. మరునాడు డాక్టరమ్మ వాకిట్లో కారెక్కించి, ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి అడిగాడు. ముందురోజు కళ్లారా చూసినవి చెప్పాను. చూడనిది వచ్చినప్పుడు తలవంచుకుని తెల్వదన్నాను. "షాబాష్!" అన్నాడు. తెలిసినవి చెప్పినప్పుడు అనలేదు, అప్పుడే అన్నాడు. ఆ తర్వాత ఆ బటన్‌ను ఇద్దరం కలిసి నొక్కి చూశాం.

ఇప్పుడు మా మనవరాలి కారులో బటన్లే లేవు, అంతా ఒక అద్దం పలక. ముందు సీట్లో కూర్చుని, ఇదేంది, అదేంది, నాకు తెల్వదు అంటుంటే పిల్లలు ముసిముసిగా నవ్వుతారు. వాళ్లకేం తెలుసు! ఆ మాట నోట్లోంచి వచ్చిన ప్రతిసారీ నా కుడి అరచేయి తనంతట తానే తెరుచుకుంటుంది, ఇక ఏ క్షణాన్నైనా ఉడుకు గాలి తగులుతుందన్నట్టు.