సోలో పాట, జివ్వుమనే పళ్ళు

ఎంత గట్టిగా తోమితే పళ్ళు అంత గట్టిపడతాయని మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. పద్మారావు నగర్‌లో చిన్నపిల్లల బడిలో కొత్తగా టీచర్‌గా చేరాను. ఆ ఏడాదే మా చర్చి క్వయర్‌లో క్రిస్మస్ ఆరాధనకు సోలో పాట నాకిచ్చారు. (అంతకు ముందు మూడేళ్ళూ స్తంభం చాటున నిలబడి పాడినదాన్ని.) తీరా నవంబరు చలి మొదలయ్యాక, పాడటానికి నోరు తెరిచి ఊపిరి పీల్చానో లేదో, పై పళ్ళు జివ్వుమని నెత్తిదాకా లాగేవి. అందుకని పెదవులు సగమే తెరిచి పాడేదాన్ని. క్వయర్ మాస్టారు హార్మోనియం ఆపి, "ఏందమ్మా గిట్ల, పాట లోపల్నే పెట్టుకుంటున్నవ్? జెర నోరు తెరువు. రెండు వారాలు చూస్త. గిట్లనే ఉంటే పాట ఇంకొకరికి ఇస్త" అన్నారు.

ఇచ్చేదాకా ఊరుకుంటానా? మా గుంటూరు మేనత్త ఉప్పుతో రుద్దమంది. గట్టి బ్రష్ కొని, ఉప్పు అద్ది, మూడు పూటలా రుద్దాను. నాలుగు రోజులయ్యేసరికి మంచినీళ్ళు కూడా వేడి చేసుకుని తాగాల్సి వచ్చింది. అయినా పట్టు విడవలేదు. ఇంకాస్త గట్టిగా రుద్దాను.

చివరికి అమ్మ నన్ను చిలకలగూడలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ నా నోట్లో అద్దం పెట్టి చూసి, "పండ్లు తోముతున్నవా, గిన్నెలు తోముతున్నవా?" అని అడిగారు. "నీ రుద్దుడుకు చిగుళ్ళు వెనక్కి జరిగినయ్. పంటి మొదలు బయటపడ్డది. ఆడ గట్టి పొర ఉండదు, చల్లగాలి తగిల్తే సీదా లోపలి నరానికి తెలుస్తది. ఉప్పు బంద్. మెత్తటి బ్రష్ తీసుకో, పెన్ను పట్టుకున్నట్టు పట్టుకో. గీ తక్లీఫ్‌కు వేరే పేస్టు ఉంటది, రాసిస్త."

"ఎన్నాళ్ళకు తగ్గుతుందండీ?"

"మూడు నాలుగు వారాలు. జివ్వుమనుడు ఆగలేదంటే మళ్ళ రా, పంటికి పూత పెడ్త."

మాస్టారిచ్చిన గడువులో మిగిలింది ఒక్క వారం. మర్నాడే ఆయన దగ్గరికి వెళ్ళి, "సార్, నేను నోరు తెరవనిది భయంతో కాదు, పళ్ళ బాధతో. డాక్టరమ్మ పేస్టు రాసిచ్చారు. పాట మాత్రం వదలను. క్రిస్మస్ దాకా ఆగండి" అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఆ పేస్టు పేరేంది? నాకు సుత ఈ పక్క జివ్వుమంటది" అన్నారు.

క్రిస్మస్ ఉదయం చలి బాగానే ఉంది. నోరు నిండుగా తెరిచి పాడాను. ఒక్కచోట జివ్వుమంది, కానీ పాట ఆపలేదు. (అక్కడ నా స్వరం భక్తితో వణికిందని చాలామంది మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.)

ఇప్పుడు, ఈ పెద్ద వయసులో, ఐస్‌క్రీమ్ తిన్నా నా పళ్ళు ఏమీ అనవు. పై స్వరం దగ్గరికి వచ్చేసరికి గొంతే, ఇక చాలమ్మా అన్నట్టు ఆగిపోతుంది. నాలో నేను నవ్వుకుని, కింది స్వరం అందుకుంటాను.