సైదులు రాసిన మూడు గంటలు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా జిరాక్స్ షాపు పక్కనే సైదులు ఇన్వర్టర్ల దుకాణం. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి బ్యాటరీలతో కాపురం పెట్టిన మనిషి. అమ్మిన ప్రతి బ్యాటరీ ఏ రోజు బిగించాడో, ఏ రోజు చచ్చిందో నోట్‌బుక్కులో రాసేవాడు. ఏ రకం ఎన్ని నెలలకు కూలబడుతుందో తయారుచేసిన వాళ్లకన్నా ఇతనికే బాగా తెలుసు. కొత్తది బిగించాక మెయిన్ ఆపి, గడియారం చూసుకుంటూ అది ఆరిపోయేదాకా ఆ ఇంట్లోనే కూర్చునేవాడు. ఎన్ని గంటలు వచ్చిందో దాని మీద తెల్ల పెయింటుతో రాసి మరీ లేచేవాడు. ఇంత చాదస్తంతో వ్యాపారం చేస్తే బాగుపడ్డట్టే అని నేను ఏడిపించేవాణ్ని.

"కంపెనీ చెప్పేది వేరే, ఇంట్ల వచ్చేది వేరే అన్నా," అనేవాడు.

మీర్‌పేట్‌లో ఉండే బాపిరాజు గారు భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన లెక్చరర్, రిటైరయ్యారు. భార్య లలితకుమారికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. రోజంతా ఆక్సిజన్ మెషీన్ ఉండాలి, అదేమో కరెంటు మీద నడుస్తుంది. వాళ్ల బ్యాటరీ మీద సైదులు "3 గంటలు" అని రాశాడు. కోత ఎప్పుడూ రెండు గంటలు దాటేది కాదు. ఆ రాత నమ్మి బాపిరాజు గారు సిలిండర్ తెచ్చి పెట్టుకోలేదు.

2011 సకల జనుల సమ్మెలో బొగ్గు ఆగింది, కోతలు పెరిగాయి. మేమిద్దరం షట్టర్లు దించి దీక్షా శిబిరంలో కూర్చున్నాం. ఒక మధ్యాహ్నం శిబిరంలో పక్కన కూర్చున్నాయన, పొద్దున్నుంచి కరెంటు నాలుగుసార్లు పోయిందన్నాడు. సైదులు చటుక్కున లేచాడు.

"గిట్ల పోతుంటే బ్యాటరీ ఎట్ల నిండుతది? నేను నిండు బ్యాటరీకి రాసిన."

బాపిరాజు గారికి ఫోన్ చేశాడు. కరెంటు పోయి అప్పటికే గంట దాటిందట. వెంటనే సిలిండర్ తెప్పించమని చెప్పి నా బండెక్కాడు. ఎల్బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో. మా జెండాలే, మా వాళ్లే. బతిమాలితే బండి పోనిచ్చారు. తీరా ఇంటికి చేరాక, సిలిండర్ తెచ్చే ఆటో ఆ చౌరస్తాలోనే ఇరుక్కుందని తెలిసింది. అంబులెన్సూ అక్కడే. వీధిలో ఎవరికీ జనరేటర్ లేదు. సిలిండర్ కోసం నేను వెనక్కి తిరిగాను.

తర్వాతి సంగతి సైదులే చెప్పాడు. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీలో పది నిమిషాలు కూడా లేదు.

"ఎంతసేపొస్తుంది నాయనా?" అని అడిగింది లలితకుమారి.

"గంట వస్తదమ్మా," అన్నాడు సైదులు. పదేళ్లలో అతను చెప్పిన తప్పుడు లెక్క అదొక్కటే.

ఆమె స్థిమితపడింది. "గంట ఉందటగా. పొద్దున్నుంచీ ఏం తినలేదు మీరు, వెళ్లి అన్నం తినండి," అని భర్తను వంటింట్లోకి పంపింది.

సైదులు ఆయన్ను ఆపలేదు. "నోరు రాలేదన్నా," అన్నాడు నాతో. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ చోట నేనుంటే ఏం చెప్పేవాణ్నో మాత్రం ఇప్పటికీ తెలియదు.

సిలిండర్‌తో నేను చేరేసరికి నలభై నిమిషాలు పట్టింది. బాపిరాజు గారే తలుపు తీశారు. ఇక అక్కర్లేదు బాబూ అన్నారు. ఆయన కుడిచేతికి అంటిన పప్పన్నం ఎండిపోయి ఉంది.