సువర్ణ కుర్తీలు ఎందుకు వదులయ్యాయి

2022 వానాకాలం. ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురు సందులో నాది చిన్న ఆల్టరేషన్ షాపు. కొత్త బట్టలు కుట్టడం అప్పటికే బాగా తగ్గించాను. ఆడవాళ్లు ఫోన్లో రెడీమేడ్ కుర్తీలు తెప్పించుకుంటున్నారు, అవి సరిపోక నా దగ్గరికి తెస్తున్నారు. చంకలో బిగుతు, నడుం దగ్గర వదులు, చేతులు పొడుగు. కుట్టు పనిలో ఇరవై ఏళ్లయింది. నా భర్త పోయాక షాపు వెనక గదిలోనే ఉంటున్నాను.

ఒక ఆదివారం సువర్ణ వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. రావిర్యాల దగ్గర ఒక ఫ్యాక్టరీలో విడిభాగాలు చెక్ చేసే పని. కంపెనీ బస్సు పొద్దున ఎక్కించుకుని సాయంత్రం దింపుతుంది. చేతిలో మూడు కుర్తీలు, మూడూ వేరువేరు కంపెనీలవి.

"అక్కా, జర చెప్పు. ఒకడు నన్ను ఎమ్మంటడు, ఒకడు ఎక్సెల్ అంటడు. అసలు నేనెంత?" అంది. "గీ ఎల్లు బిగుతైంది. గీ ఎక్సెల్లు భుజం మీదికెళ్లి జారుతుంది. గీ ఎమ్మేమో పోసినట్టున్నది. నా ఒళ్లే సక్కగ లేదేమో."

"నీ ఒంటికేం గాలె. ఎవని లెక్క వానిది," అన్నాను.

ఈ మాట నా దగ్గరికొచ్చే సగం మందికి చెప్పాల్సి వస్తుంది. ఎమ్, ఎల్ అనే అక్షరాలకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఒక కంపెనీ ఎమ్ ముప్పై ఆరు, ఇంకొకరిది ముప్పై ఎనిమిది. అందుకే అక్షరం వదిలేసి అంగుళాలు చూడాలి. సైజ్ చార్ట్‌లో కూడా రెండు రకాలుంటాయి. బాడీ మెజర్‌మెంట్ అంటే ఒంటి కొలత, గార్మెంట్ మెజర్‌మెంట్ అంటే కుట్టిన బట్ట కొలత. ఒంటి మీద బట్ట ఆడాలి కాబట్టి బట్ట కొలత రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఉంటుంది. ఆ వదులును మేం ఈజ్ అంటాం. బట్ట కొలతను ఒంటి కొలత అనుకుని తెప్పించుకుంటే ఏ కుర్తీ అయినా బిగుతే.

సువర్ణకు టేపు పెట్టాను. ఛాతీ ముప్పై ఎనిమిది, నడుం ముప్పై నాలుగు, సీటు, అంటే తుంటి చుట్టుకొలత, నలభై ఒకటి. ఒక అట్ట ముక్క మీద రాసిచ్చాను. బాగా పట్టిన ఆ ఎమ్ కుర్తీని బల్ల మీద పరిచి, చంక నుంచి చంక దాకా కొలిచి రెట్టింపు చేస్తే బట్ట కొలత ఎట్లా తెలుస్తుందో కూడా చూపించాను. ఆమె ఇంకో గంట కూర్చుంది. ఇంటికి పోవాలన్న తొందర లేని మనిషి అని మాత్రం అనుకున్నాను.

దసరాకు ముందు మళ్లీ వచ్చింది. నేను చెప్పినట్టే అట్ట ముక్క చూసి తెప్పించిన కొత్త కుర్తీ తొడుక్కుని వచ్చింది.

"అయినా లూజే అక్కా. గీ కంపెనోడు గూడ అబద్ధమే."

"చార్టొకటి పెడ్తరు, బట్టొకటి పంపుతరు. మామూలే," అన్నాను.

పక్క కుట్ల దగ్గర పిన్నులు పెట్టి, రెండు వైపులా లోపలికి పట్టాను. కొలత మళ్లీ తీయలేదు. అట్ట ముక్క మీద ఉంది కదా అనుకున్నాను. పండుగ రద్దీ వేరే. ఆమెను ఎదురుగా నిలబెట్టుకుని పది నిమిషాలు పిన్నులు పెట్టాను, ముఖం వైపు మాత్రం చూడలేదు.

మరో ఆరు వారాలకు మళ్లీ వచ్చింది. ఈసారి రెండు కుర్తీలు. ఒకటి ఇంకో కంపెనీది, రెండోది నేను బిగించిందే. రెండూ వేలాడుతున్నాయి. కంపెనీ తప్పు చేయొచ్చు. నేనూ తప్పు చేయొచ్చు. ఇద్దరం ఒకే రకం తప్పు ఎట్లా చేస్తాం?

కొత్త కుర్తీని బల్ల మీద పరిచి కొలిచాను. ఆమె ఫోన్లోని చార్ట్‌లో ఏం రాశారో సరిగ్గా అదే ఉంది. అప్పుడు ఆమె ఛాతీ చుట్టూ టేపు తిప్పాను. ముప్పై నాలుగు. జారిందేమోనని మళ్లీ తిప్పాను. ముప్పై నాలుగే. నడుం ఇరవై తొమ్మిది.

"సువర్ణా, తిండి బంద్ చేసినవా?"

"లేదక్కా. ఆకలి మస్తయితుంది. మునుపటి కంటె ఎక్కువనే తింటున్న. దూపే ఆగుతలేదు." మాట్లాడుతూనే నా నీళ్ల సీసా ఖాళీ చేసింది. డ్యూటీలో బాత్రూంకు మాటిమాటికీ పోతున్నందుకు సూపర్‌వైజర్ కోప్పడ్డాడని చెప్పింది. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. పెదవులు ఎండి ఉన్నాయి.

"గింత సన్నబడితివి, ఎవ్వరూ అనలేదా?"

నవ్వింది. "కంపెనీల అందరం కోట్లు, మాస్కులే. రూముల అద్దం ముఖం కనవడే మందమే ఉన్నది. అన్న పండుగకోపారి ఫోన్ చేస్తడు. ఎవరు చూస్తరక్కా?"

పెళ్లయిన ఏడాదికే విడిపోయిందని, అమ్మా నాన్నా లేరని అప్పుడే తెలిసింది. మూడుసార్లు నా షాపుకొచ్చింది, నేను ఒక్కసారీ అడగలేదు.

"దవాఖానకు పోదాం పా," అన్నాను.

"రేపు డ్యూటీ ఉంది. వచ్చే ఆదివారం చూస్త."

"వచ్చే ఆదివారం కాదు. ఇప్పుడే." షట్టర్ దించి ఆటో పిలిచాను.

దవాఖానలో నర్సు వేలిలో సూది గుచ్చి చూసింది. షుగర్ ఎంత ఎక్కువంటే మిషన్‌లో అంకె పడలేదు. మళ్లీ గుచ్చింది, మళ్లీ అంతే. వెంటనే సెలైన్ పెట్టి, అంబులెన్స్‌లో సిటీలోని పెద్దాస్పత్రికి పంపారు. అక్కడ కాగితం నింపే ఆమె నన్ను అడిగింది, "మీరు ఆమెకు ఏమైతరు?"

"బట్టలు సరిచేస్త," అన్నాను.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, కాగితం మీద 'అక్క' అని రాసుకుంది.

"ఇంకో రెండు రోజులైతే స్పృహ లేకుండా తెచ్చేవాళ్లు. ఎట్లా గుర్తుపట్టారు?" అని డాక్టర్ అడిగాడు. కుర్తీ వదులైందని చెప్పాను. ఆయన మెచ్చుకున్నాడు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. దసరా ముందు కూడా నా మెడలో ఇదే టేపు ఉంది. ఆ రోజు పెట్టి చూసి ఉంటే ఆమె ఆ మంచం మీదికి వచ్చేది కాదు. కంపెనీ అబద్ధమాడిందని ఆమెతో పాటు నేనూ నమ్మాను, బట్టను బిగించి పంపాను.

ఆరు రోజులున్నాక డిశ్చార్జ్ చేశారు. అన్న ఒకరోజు వచ్చి చూసి పోయాడు. సువర్ణ ఇన్సులిన్ వేసుకోవడం నేర్చుకుంది. ఉగాది నాటికి ఛాతీ ముప్పై ఆరుకు వచ్చింది. ఆ రోజు కొలతలు రాసుకుంటుంటే అడిగింది, "నీ భుజం కొలత ఎవరు తీస్తరక్కా?"

నిజానికి భుజం కొలత ఎవరికి వాళ్లు తీసుకోలేరు. ఒక కొస పట్టుకుంటే రెండో కొస అందదు. నేను పాత జాకెట్టు చూసే కత్తిరించుకుంటున్నాను. సువర్ణ నా చేతిలో టేపు తీసుకుని, వెనక్కి తిప్పి నిలబెట్టి, ఒక భుజం నుంచి ఇంకో భుజానికి పట్టింది. పదమూడున్నర అంది. ఆమె వేళ్లు తీసేశాక కూడా కాసేపు అట్లాగే నిలబడ్డాను.

ఆ ఎండాకాలం కంపెనీ ఆమెను వేరే రాష్ట్రంలోని యూనిట్‌కు పంపింది. ఒకట్రెండు సార్లు ఫోన్ చేసింది. తర్వాత ఆ నంబరు పనిచేయలేదు. ఇన్సులిన్ మానకుండా వేసుకుంటోందో లేదో నాకు తెలియదు.

ఆమె తర్వాత నా పద్ధతి మారింది. నిన్ననే కొలత ఇచ్చిన మనిషి వచ్చినా మళ్లీ టేపు పెడతాను. ఇంట్లో ఎవరెవరుంటారని అడుగుతాను. కొందరికి చిరాకు, అది వాళ్ల ఇష్టం. నలుగురి మధ్య బతికే మనిషి సన్నబడితే ఎవరో ఒకరు అంటారు. ఒంటరిగా బతికే మనిషి ఒళ్లు మారిన సంగతి ఆ మనిషికే అందరికన్నా చివర తెలుస్తుంది.